ఐదు వందలకు ఒక్క కథల పుస్తకం: ఎవరిది కొనాలి?

మా చిన్నాయన బిడ్డ స్టాఫ్ నర్సు. హనుమకొండలోనే ఉంటుంది. నెలలో సగం రోజులు నైట్ డ్యూటీ. మొన్న దసరాకు ఇంటికొచ్చినప్పుడు చెప్పులు విడవకముందే అడిగింది: "అన్నా, ఐదొందలు పక్కకు పెట్టిన. ఒక్కటే కథల పుస్తకం కొంట. ఫోన్ చూసీ చూసీ కండ్లు గుంజుతున్నయి. ఎవరిది కొనాలె?"

ఇట్లా అడిగినవాళ్ళకు మనం సాధారణంగా గురజాడ దగ్గర ఎత్తుకుని ఇరవై పేర్లు అప్పజెప్తాం. విన్నవాళ్ళు తలూపి వెళ్ళిపోతారు, ఏదీ కొనరు. నేనూ చాలా ఏండ్లు అదే చేశాను. ఇప్పుడు పేరు చెప్పేముందు రెండు సంగతులు అడుగుతున్నాను. ఒక్క దమ్ములో ఎంతసేపు చదువుతావు? చదివినంక ఎంత బరువు మోస్తావు? అవార్డులు, గొప్పలు, ఏ ప్రాంతం, ఏ వాదం, ఇవన్నీ ఆ తర్వాతే.

మొదటిదానికి నా దగ్గర బస్సు లెక్క ఒకటుంది. పన్నెండేండ్లుగా హనుమకొండ నుంచి హుజూరాబాద్‌కు నౌకరీకి పోయొస్తున్నాను. కిటికీ పక్కన సీటు దొరికితే చాసో (చాగంటి సోమయాజులు) కథ హసన్‌పర్తి దాటేలోపు అయిపోతుంది. పి. సత్యవతి కథ ఎల్కతుర్తి దాకా వస్తుంది. కాళీపట్నం రామారావు (అందరికీ కారా మాస్టారు) కథ పట్టుకుంటే హుజూరాబాద్ బస్టాండ్ వచ్చినా ఇంకా రెండు పేజీలు మిగులుతాయి. ఆయనదే 'యజ్ఞం' అయితే పొద్దున సగం, సాయంత్రం సగం. శ్రీపాద 'వడ్లగింజలు' రెండు రోజుల టికెట్టు. రావిశాస్త్రిని మాత్రం బస్సులో చదవలేం. ఒక్కో వాక్యం దగ్గర ఆగి వెనక్కి పోయి మళ్ళీ చదవాలనిపిస్తుంది, ఈలోగా కండక్టర్ చిల్లర అడుగుతాడు.

బరువు సంగతి ఇంత తేలిగ్గా తేలదు. దాంట్లో నేను రెండుసార్లు దెబ్బతిన్నాను.

మొదటిసారి మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లగాడికి 'యజ్ఞం' ఇచ్చాను. 1960లలో వచ్చిన కథ, తెలుగు కథల్లో దాని మీద జరిగినంత చర్చ ఇంకో దాని మీద జరగలేదు, కాబట్టి ముందు అదే చదవాలని నా పట్టుదల. వారానికి తిరిగిచ్చాడు. "సార్, పదిహేను పేజీలైనా ఇంకా పంచాయితీల కూర్చునే ఉన్నరు" అన్నాడు. వాడిది తప్పు కాదు. సుందరపాలెం అనే ఊరు, అప్పల్రాముడి అప్పు, ఊరు బాగుపడ్డకొద్దీ కొందరు ఎందుకు చితికిపోయారు అన్న లెక్క, ఇవన్నీ కారా మాస్టారు బోర్డు మీద లెక్క చేసినట్టు మెట్టు మెట్టుగా చేసుకుంటూ పోతారు. ఆయన నిజంగానే విశాఖలో బడిపంతులుగా పనిచేశారు. ఆ మెట్లన్నీ ఓపిగ్గా ఎక్కినవాడికే చివరి పేజీ గుండె మీద పడుతుంది. ఎక్కనివాడికి అది పంచాయితీ తీర్మానం.

రెండోసారి ఈ చెల్లెకే. పోయిన ఏడాది కారా మాస్టారి పుస్తకమే ఇచ్చి, "ముందు 'చావు' చదువు, చిన్నగ ఉంటది" అన్నాను. చలికాలంలో ఒక ముసలామె చనిపోతుంది. కాల్చడానికి ఆ వాడలో కట్టెలుండవు. ఆ రాత్రంతా ఆ కట్టెల గురించే కథ. తెల్లారి ఫోన్ చేసి తిట్టింది. "నైట్ డ్యూటీల చదువుకోమని చావు కథ ఇస్తవా? మూడో నంబర్ బెడ్డు ముసలామెకు ఆయాసం వస్తుంటే నాకు చేతులు వణికినయి."

అంటే కారా మాస్టారిని వదిలేయాలని కాదు. మొదలుపెట్టే కథ మార్చుకోవాలి. 'జీవధార' ముందు చదవండి. నీళ్ళు లేని పేటలోని ఆడవాళ్ళు బిందెలతో ఒక పెద్ద బంగళా గేటు ముందు నిలబడతారు. లోపల తోటకు నీళ్ళున్నాయి, కుక్కలున్నాయి. అంతే. ఎండాకాలం ట్యాంకర్ కోసం డ్రమ్ములు వరసలో పెట్టిన వాడకట్టు ఎవరికైనా ఇది విప్పి చెప్పాల్సిన పనిలేదు. దాని తర్వాత 'ఆర్తి', దాని తర్వాత 'చావు', చివరికి ఒక ఆదివారం చూసుకుని 'యజ్ఞం'. ఈ వరస పాటిస్తే ఆయన మీకు ఇంటి మనిషైపోతారు. శ్రీకాకుళంలో 1997లో ఆయన పెట్టిన కథానిలయం గురించి కూడా చెప్పాలి. తెలుగులో అచ్చయిన ప్రతి కథనూ ఒక చోటికి చేర్చాలని ఒక మనిషి తన అవార్డుల సొమ్మూ ముసలితనమూ ధారపోశారు. 2021లో పోయారు.

చాసో, రావిశాస్త్రి: ఒక్క గాలి, రెండు నడకలు

ఇద్దరిదీ ఉత్తరాంధ్రే. చాసోది విజయనగరం, రావిశాస్త్రిది విశాఖ. ఇద్దరూ బీదవాళ్ళ గురించే రాశారు. కానీ ఒకరి తర్వాత ఒకరిని చదివితే ఒక్క కాలపు మనుషులేనా అనిపిస్తుంది.

చాసో మాట ఖర్చు పెట్టరు. 'ఎంపు' తీసుకోండి. బిచ్చమెత్తుకునే తండ్రి, పెండ్లీడుకొచ్చిన బిడ్డ. బిడ్డకు కుంటివాడి మీద మనసు. తండ్రి గుడ్డివాడికిస్తానంటాడు. ఎందుకంటే గుడ్డివాడికి దొరికే బిచ్చానికి లోటు రాదు. అందులో ఏడుపు లేదు, సమాజాన్ని తిట్టడం లేదు. తండ్రి తన అనుభవంతో, బిడ్డ మంచి కోరి మాట్లాడతాడు. చదువుతుంటే నవ్వొస్తుంది. సగం నవ్వులో ఉండగా తెలుస్తుంది, ఇది మన ఇండ్లలో గవర్నమెంట్ నౌకరీ పిల్లగాడిని వెతికే మాటే అని. అదే మర్యాద, అదే లెక్క. కుంకుడాకులు ఏరుకునే చిన్నపిల్ల కథ 'కుంకుడాకు' కూడా ఇంతే పొదుపు. 'వాయులీనం' అంతకంటే మెత్తన. జబ్బు పడ్డ భార్యను దక్కించుకోవడానికి ఆమె ఫిడేలు అమ్మేస్తాడు భర్త. ఆ కథలో చెడ్డవాళ్ళెవరూ లేరు, అయినా ఒకటి పోయింది.

చాసో రాసినవి తక్కువ. మొత్తం కథలు ఒక్క పుస్తకంలో పడతాయి. కొనేవాళ్ళకు ఇదొక పెద్ద సుఖం. ఏ సంపుటం మంచిది, రెండో భాగం ఎక్కడ అని వెతుక్కునే పని లేదు.

రావిశాస్త్రి దీనికి పూర్తిగా అవతలి ఒడ్డు. వకీలు. కోర్టు వరండాలో నిలబడ్డ ప్రతి మనిషినీ చూశారు, విన్నారు. దొంగసారా అమ్మే మనిషి, మామూలు తీసుకునే జవాను, కేసుకు అబద్ధపు సాక్షి. మద్యనిషేధం నడిచిన రోజుల మీద రాసిన 'ఆరు సారా కథలు' చదివితే చట్టం ఎవరి మెడకు ఉరి, ఎవరి చేతికి తాడు అన్నది కండ్లకు కడుతుంది. ఉపమానం మీద ఉపమానం పేర్చుకుంటూ పోతారు. వకీలు మిత్రుడొకాయనకు ఇస్తే నెల రోజులు కోర్టు క్యాంటీన్‌లో ఆ మాటలే. కానీ ఆ విశాఖ యాస, ఆ పొడుగు వాక్యం కొత్త పాఠకుడిని మొదటి పేజీలోనే అలసటకు గురిచేస్తాయి. నా లెక్కలో రావిశాస్త్రి రెండో పుస్తకం, మొదటిది కాదు. పోలీసు, కోర్టు, రెవెన్యూ పనుల్లో ఉన్నవాళ్ళకు మాత్రం మొదటిదే.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గురించి రెండు ముక్కలు. గోదావరి బ్రాహ్మణ ఇండ్ల మాట అది. మనకు చుట్టాలింటికి కొత్తగా పోయినట్టు మొదట ఇబ్బందిగా ఉంటుంది. అరగంట కూర్చుంటే లేవబుద్ధి కాదు. సంభాషణ నడపడంలో ఆయన్ను దాటినవాళ్ళు లేరని నా గట్టి అభిప్రాయం. 'వడ్లగింజలు'లో చదరంగం ఆటే కథ. ఆట రానివాళ్ళు కూడా గుక్క తిప్పుకోరు. సెలవులు దొరికినవాళ్ళకు శ్రీపాద, దొరకనివాళ్ళకు చాసో.

మన దగ్గరివాళ్ళు

ఇక్కడ నేనొక తప్పు ఒప్పుకోవాలి. వరంగల్ మనిషి అడిగితే కండ్లు మూసుకుని తెలంగాణ రచయితనే చెప్పేవాణ్ణి. మన యాస ఉంటే చాలు, చదివేస్తారు అనుకున్నాను. కాదు. మన యాసను అచ్చులో చదవడం అలవాటు లేనివాళ్ళకు అదే ముందు అడ్డం పడుతుంది. బడి పుస్తకాల్లో మనం మాట్లాడే మాట ఎక్కడుంది? 'జెప్పిండు', 'వోతున్నడు' అని అచ్చులో కనబడగానే కన్ను తడబడుతుంది. దానికి మందు ఒకటే. పైకి చదవాలి.

పైకి చదవడానికి అన్నిటికంటే మంచి కథ 'గొల్ల రామవ్వ'. రాసింది పి.వి. నరసింహారావు. ప్రధానమంత్రి అయ్యింది 1991లో. దానికి నలభై ఏండ్ల ముందు, 1949లో, వరంగల్ నుంచి వచ్చే కాకతీయ పత్రికలో 'విజయ' అనే మారుపేరుతో ఈ కథ అచ్చయింది. నిజాం పోలీసులు తరుముతుంటే ఒక యువకుడు రాత్రిపూట ముసలామె గుడిసెలో దూరతాడు. లోపల రామవ్వ, ఆమె మనుమరాలు. బయట బూట్ల చప్పుడు.

మా అమ్మకు చదువు రాదు. ఒక సాయంత్రం చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చుంటే పక్కన కూర్చుని ఈ కథ పైకి చదివాను. మొదట్లో చేయి ఆడుతూనే ఉంది. పోలీసులు తలుపు కొట్టే చోట చేయి ఆగింది. ఒక చిక్కుడుకాయ రెండు వేళ్ళ మధ్య అట్లనే ఉండిపోయింది. రామవ్వ ఆ పిల్లగాడిని తన మనుమరాలి మగడని పోలీసుల ముందు బొంకేసరికి, "సెబాసు ముసల్దానా!" అని గట్టిగా అన్నది. కథ అయిపోయినంక కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మా అవ్వ గూడ గిట్లనే ఒకన్ని గడ్డివాముల దాసిందట. మా నాయిన చెప్పెటోడు" అన్నది. అరవై ఏండ్లలో ఆ సంగతి మాకెప్పుడూ చెప్పలేదు.

ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఈ ఒక్క కథ కోసమైనా తెలంగాణ తొలి కథల సంకలనం ఒకటి సంపాదించుకోండి. ముదిగంటి సుజాతారెడ్డి, సంగిశెట్టి శ్రీనివాస్ పాత పత్రికలు తిరగేసి తొలితరం కథలను వెలికి తీయకపోతే మనకు అసలు కథలే లేవన్న మాట ఇంకా నడుస్తూ ఉండేది. ఆ తరంలోనే వట్టికోట ఆళ్వారుస్వామి. 'జైలు లోపల' చిన్న పుస్తకం. తనతోపాటు జైల్లో ఉన్న ఖైదీల మీద రాసిన కథలు. దొంగ, హంతకుడు అని ముద్ర పడ్డ మనిషి పక్కన కూర్చుని, తీర్పు చెప్పకుండా, అతని సంగతి వింటారు. ఈయన పుస్తకాలు గంపలో పెట్టుకుని తిరిగి అమ్మిన మనిషి, ఆ గ్రంథమాల పేరు దేశోద్ధారక. కొత్త పాఠకుడికి వట్టికోట మొదటి పుస్తకంగా పనికొస్తారు. మాట సాదా, కథ పొట్టి, మనుషులు గుర్తుండిపోతారు. మన పక్కనే, ధర్మసాగర్ దగ్గరి తాటికాయలకు చెందిన పొట్లపల్లి రామారావు కూడా కథలు రాశారు. కాళోజీ రాశారు. చౌరస్తాలో నిలబెట్టి అడిగితే పది మందిలో తొమ్మిది మంది కాళోజీ అంటే కవిత్వం ఒక్కటే అంటారు.

తర్వాతి కాలానికి వస్తే అసలు ఎంపిక అల్లం రాజయ్య, పెద్దింటి అశోక్‌కుమార్ మధ్య.

రాజయ్యది మంథని దగ్గర గాజులపల్లి. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్ర, అంటే దొరల పెత్తనం మీద రైతుకూలీల పెద్ద ఊరేగింపు, జరిగింది. ఆ చుట్టుపక్కల ఏండ్లలో కరీంనగర్, ఆదిలాబాద్ ఊర్లలో దొర ముందు వంగిన నడుములు ఎట్లా లేచాయో తెలియాలంటే చరిత్ర పుస్తకం కంటే ఆయన కథలు మేలు. ఆయన దగ్గర నాకు ఎక్కువ నచ్చేది పోరాటం కాదు, పని. నాగలి పట్టడం, మోట కొట్టడం, కల్లంలో వడ్లు తూర్పార పట్టడం ఆయన రాస్తుంటే ఒళ్ళు నొప్పి పుడుతుంది. పని తెలిసిన మనిషి రాత అది. కథలో ఒక్క నాయకుడంటూ ఉండడు. ఊరంతా మాట్లాడుతుంటుంది, ఎవరి మాట ఎవరిదో పట్టుకోవడానికి రెండు పేజీలు పడుతుంది. 'అతడు', 'మనిషి లోపలి విధ్వంసం', 'సృష్టికర్తలు' ఈ పేర్లతో వెతకండి. వెట్టి చేసిన తాతల కథలు ఇంట్లో విన్నవాళ్ళకు ఇది సొంత ఆల్బం. విననివాళ్ళకు కొంచెం కష్టం. సాయుధ రాజకీయాల మీద మీకు వేరే అభిప్రాయం ఉంటే పేజీ పేజీకీ పేచీ పడతారు. పడండి, కానీ చదవండి. ఆ కథలకు చోటిచ్చిన వాతావరణం కూడా మన ఊరి నుంచే వచ్చింది. 'సృజన' పత్రిక 1966లో వరంగల్ నుంచే మొదలైంది. సింగరేణి బొగ్గుబావుల వైపు మనసుంటే రాజయ్యతోపాటు తుమ్మేటి రఘోత్తమరెడ్డిని కలుపుకోండి. 'పనిపిల్ల' ఆయన పేరు నిలబెట్టిన కథ.

పెద్దింటి అశోక్‌కుమార్ది సిరిసిల్ల వైపు గంభీరావుపేట మండలం. దొర గడీ కూలిపోయిన తర్వాతి ఊరు ఆయనది. బోరు ఎండిన రైతు, దుబాయి పోయిన కొడుకు, మగ్గం ఆగిన ఇల్లు. ఇరవై ఐదేండ్లలోపు పిల్లలకు ఇదే దగ్గర, ఎందుకంటే వాళ్ళు చూసిన ఊరు ఇదే. 'ఊటబాయి', 'మాయిముంత' సంపుటాలు. కొన్ని కథల్లో కన్నీళ్ళు కాస్త ముందే తోడేస్తారని నాకనిపిస్తుంది. కానీ 'జిగిరి' దగ్గర ఆ మాట అనలేను. అది కథ కాదు, చిన్న నవల. ఎలుగుబంటిని ఆడించి బతికే ఇమాం, అతని ఎలుగు. సర్కారు భూమి దక్కాలంటే ఎలుగు ఉండకూడదు. సినిమా పిచ్చి ఉన్న పిల్లలకు ఒక మాట చెప్తే పుస్తకం పట్టుకుంటారు: 2019లో వచ్చిన 'మల్లేశం' మాటలు ఈయనవే.

నవ్వు కావాలంటే

నవ్వుకుంటూ చదవాలంటే నామిని. చిత్తూరు యాస. 'పచ్చనాకు సాక్షిగా', 'సినబ్బ కథలు' ఎనిమిదో తరగతి పిల్లలకు కూడా ఎక్కుతాయి. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' కూడా అదే వరస. యాస దూరమైతే చదవలేరన్న నా పాత లెక్కను ఈ ఇద్దరూ పూర్తిగా చెడగొట్టారు. మా పిల్లలు నామినిని పైకి చదివి ఒకరినొకరు ఆ యాసలో పిలుచుకున్నారు నెల రోజులు.

ఇంటిపనితో తీరిక లేని ఆడవాళ్ళు అడిగితే నేను ఆలోచించకుండా చెప్పే పేరు పి. సత్యవతి. 'ఇల్లలకగానే'లో ఒక గృహిణి ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరు మర్చిపోతుంది. ఎవరిని అడిగినా అమ్మా అనో, ఏమేవ్ అనో, వదినా అనో అంటారే తప్ప పేరు చెప్పరు. నాలుగు పేజీల కథ. మా ఆవిడకు ఇచ్చాను. చదివి, అట్లా పక్కన పెట్టి, "నన్ను మీరు పేరు పెట్టి పిలిచి ఎన్నేండ్లాయె?" అంది. నేను ఆ రోజు బస్సుకు తొందరగా బయల్దేరాను.

కొనేముందు

షాపులో ముందుమాట చదవకండి. మధ్యలో ఏదో ఒక పేజీ తెరిచి పెదవులు కదిలిస్తూ పది వాక్యాలు చదవండి. పదో వాక్యం దగ్గర మీరు ఆగి అటూ ఇటూ చూస్తే అది మీ పుస్తకం కాదు, ఎంత గొప్పదైనా సరే. రెండోది, 'సమగ్ర', 'సంపూర్ణ' అని ఉన్న ఇటుకరాళ్ళు మొదటి పుస్తకంగా వద్దు. పడుకుని చదివితే ఛాతీ మీద పడతాయి, కూర్చుని చదివితే వేలు నొప్పి. ఎంపిక చేసిన కథలు చాలు.

ఎవరో ఒకర్ని తేల్చుకోలేకపోతే 'కథ' పేరుతో 1990 నుంచి ఏటేటా వస్తున్న సంకలనాలున్నాయి. ఒక్క పుస్తకంలో పది మందికి పైగా రుచి చూడొచ్చు. దానికో ఇబ్బంది ఉంది. ఒక రచయిత గొంతు అలవాటయ్యేలోపు ఇంకో రచయిత వచ్చేస్తారు. పెండ్లి విందులో అన్నీ ఒక్కో చెంచా తిన్నట్టు.

అసలు కొనకుండానే తేల్చుకోవచ్చు కూడా. హనుమకొండలో శ్రీ రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం ఉంది, 1904 నాటిది. తెలుగు చదవడమే ఒక తెగువ అయిన నిజాం రోజుల్లో పుట్టిన గ్రంథాలయం. ఒక పూట పోయి నలుగురి పుస్తకాలు ముందు పెట్టుకుని పది పది పేజీలు చదవండి. ఐదు వందలు ఎవరికివ్వాలో అక్కడే తెలుస్తుంది.

మా చెల్లె అంత దూరం పోలేదు. డ్యూటీ మధ్యలో చదవాలి, బెల్లు మోగితే వదిలేయాలి, చావులు వద్దు. నేను వట్టికోట అన్నాను, సత్యవతి అన్నాను. ఆమె నా అరలోంచి చాసో తీసి, నిలబడే 'ఎంపు' చదివి, "ఇదే కొంట" అంది. ఉత్తరాంధ్ర మాట, ఒక్క తెలంగాణ ముక్క లేదు. నా లెక్క మళ్ళీ తప్పింది.

వారం తర్వాత ఫోన్ చేసింది. రాత్రి మూడింటికి వార్డు నిమ్మళంగా ఉంటే ఆయమ్మకు 'ఎంపు' పైకి చదివి వినిపించిందట. ఆయమ్మకు పెండ్లీడు బిడ్డ ఉంది. మొత్తం విని, కాసేపు ఆలోచించి అడిగిందట: "గా గుడ్డోనికి దినాం ఎంత వస్తదట సిస్టర్?"